డిస్ట్రాక్టెడ్ అంటే ఏ జిల్లా?

ఆ రోజుల్లో దుబాయిలో ఎవరికీ మూతి ఉండేది కాదు. కళ్లుండేవి, నుదురుండేది, కళ్లద్దాల వాళ్లకు ఆవిరి పట్టిన అద్దాలుండేవి, అంతే. అక్కడి నుంచి గడ్డం దాకా నీలం గుడ్డ. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు పళ్లు కొరుకుతున్నారో తెలిసేది కాదు. మాట కూడా ఆ గుడ్డలోంచి వడకట్టుకుని సగం సగమే బయటికి వచ్చేది. మామూలు ఇంగ్లీషే నాకు సగం అర్థమయ్యేది, ఇక వడకట్టిన ఇంగ్లీషు ఎంత అర్థమయ్యేదో మీరే ఊహించుకోండి. ఇప్పుడు అదే కంపెనీలో కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో మెయిళ్లు కొడుతుంటే (తప్పులతోనే, కానీ ధైర్యంగా) అప్పుడప్పుడు ఆ రోజులు గుర్తొస్తాయి. ముఖ్యంగా ఒక మాట గుర్తొస్తుంది. దాని అర్థం తెలియక ఒక మంచి మనిషికి దొరక్క దొరక్క దొరికిన సెలవును ఊడగొట్టబోయాను. అర్థం తెలిశాక మాత్రం, ఎందుకో, ఇంగ్లీషు భాషలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే అయింది.

మాది ఆర్మూర్ దగ్గర ఒక పల్లె. పదో తరగతి తెలుగు మీడియం. ఇంగ్లీషులో ఎన్ని మార్కులు వస్తే పాసవుతారో అన్నే వచ్చాయి, ఒక్కటి కూడా వృథా కాలేదు. నైఫ్ అనే బజారులోని దుకాణాలకు పప్పులూ దినుసులూ పంపే ఒక పెద్ద గోదాములో నా ఉద్యోగం. చక్రాల ట్రాలీ మీద అట్టపెట్టెలు పేర్చుకుని లాగడం, లారీ దగ్గర దింపడం, మళ్లీ రావడం. మొదటి ఆరు నెలలు పరీక్షా కాలం. అందులో మనం నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే ఖలాస్, టికెట్ కొని విమానం ఎక్కిస్తారు. నాకు అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది మీకు నమ్మబుద్ధి కాదు. ఇక్కడ తెలుగువాడికి తెలుగువాడు ఎదురుపడితే పేరు అడగడు. ‘ఏ జిల్లా?’ అంటాడు. బస్సులో, మెస్సులో, రక్త పరీక్ష వరసలో, ఎక్కడైనా అదే మొదటి ప్రశ్న. నాలుగు నెలల్లో ఆ ప్రశ్నకు ఎన్ని వందల సార్లు జవాబు చెప్పానో. నిద్రలో లేపి అడిగినా నా నోట ‘నిజామాబాద్’ అని వచ్చేసేది. ఇంగ్లీషులో నాకు బాగా వచ్చిన ప్రశ్న కూడా అదొక్కటే.

రెండో నెలలో నాకు ఆ జ్వరం వచ్చింది, అందరికీ వచ్చినదే. మేముండే క్యాంపు చివర వేరే గదిలో పెట్టారు, తగ్గాక వదిలారు. జ్వరం పోయింది కానీ పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకుపోయింది. ఏ వాసనా లేదు. మెస్సులో చికెన్ పులుసు తిన్నా వేడి నీళ్లలో నానిన అట్ట తిన్నట్టే ఉండేది. మా గదిలో పెద్దవాడు సర్పంచ్ మామ (సర్పంచి కాదు, ఒకసారి పోటీ చేసి ఓడిపోయాడు, ఆ పేరు మాత్రం గెలుచుకున్నాడు) నన్ను చూసి ఈర్ష్యపడేవాడు. “అదృష్టవంతుడివిరా, మన గదిల పన్నెండు జతల బూట్లున్నయ్, నీకు ఒక్కటి కూడ తెలుస్తలేదు” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. లోపల మాత్రం భయంగా ఉండేది. ఈ ముక్కు ఇక ఇంతేనేమో అని.

ఆ రోజు ట్రాలీ నిండా గులాబీ షర్బత్ సీసాల పెట్టెలు పెట్టుకుని గోదాము మధ్య వరస నుంచి వస్తున్నాను. వరస చివర నేల కొంచెం ఏటవాలుగా ఉంటుంది. అక్కడ ఆగాల్సి వస్తే ట్రాలీ పిడి నొక్కి బరువును నేలకు దించాలి, అప్పుడే చక్రాలు కదలవు. ఇది మొదటి రోజే నేర్పారు, మూడుసార్లు సంతకం కూడా చేయించుకున్నారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నాకు ఒక వాసన వచ్చింది. రెండు నెలల తరువాత మొట్టమొదటి వాసన. ముందు అదేమిటో తెలియలేదు, గుండె మాత్రం దడదడలాడింది. పక్కన పసుపు కొమ్ముల బస్తాల గుట్ట ఉంది, అందులో ఒక బస్తా కుట్టు విడిపోయి నాలుగు కొమ్ములు బయటికి చూస్తున్నాయి. మాస్కు కిందికి లాగేశాను. ముక్కు తీసుకెళ్లి ఆ బస్తాలో పెట్టాను. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా ఊరంతా ఉండే వాసన అది. ఆవిరి, మట్టి, కొంచెం చేదు. కళ్లు మూసుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను. కళ్లు తెరిచేసరికి ట్రాలీ నన్ను వదిలేసి తన దారిన తాను వెళ్లిపోతోంది.

సీసాలు పగిలిన చప్పుడుకు గోదాములో అందరూ వచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేల మీద మాత్రం ఎర్రగా, తియ్యగా, జిగటగా ఒక కాలువ పారుతోంది. ముఖాన పసుపు, కాళ్లకు పారాణి లాంటి షర్బత్‌తో పెళ్లికొడుకులా మధ్యలో నేను. మాస్కు అప్పటికే పైకి లాక్కున్నాను (దొంగకు ఆ మాత్రం తెలివి ఉంటుంది). పక్క వరసలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్న నిజాం భాయ్ అందరికన్నా ముందు దూకి వచ్చి, “చోట్ లగా? చోట్ లగా?” అంటూ, దెబ్బ తగిలిందేమోనని నా చేతులు తడిమి చూశాడు. ఆయనది బంగ్లాదేశ్, పూర్తి పేరు నిజాముద్దీన్. ఆ గోదాములో పదకొండేళ్ల నుంచి ఉన్నాడు. ఒక్క మాట తప్పుగా అనిపించుకున్న మనిషి కాదు.

కాసేపటికి సేఫ్టీ మేడమ్ కాగితాల అట్టతో వచ్చింది. ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషి. మాస్కు, దాని మీద ముఖానికి అడ్డంగా ఒక ప్లాస్టిక్ తెర. ఆ రెండింటి వెనక నుంచి ఆవిడ ఏదో అడిగింది. నాకు వినపడింది మూడే ముక్కలు: ‘వేర్... యు... డిస్ట్రిక్టెడ్?’ ఓహో, మీ జిల్లా ఎక్కడ అంటోంది అనుకున్నాను. ఇంత పెద్ద తప్పు చేసిన వాణ్ని ముందు జిల్లా అడిగిందంటే ఎంత మర్యాదస్తురాలో అని మనసులో దండం కూడా పెట్టుకున్నాను. “యెస్ మేడమ్. నిజామాబాద్” అన్నాను. ఆవిడ కలం ఆగింది. “నిజాం... అబాద్?” అంది. “యెస్ మేడమ్.” “వర్కింగ్ హియర్?” అంది. నిజామాబాద్ వాళ్లు ఇక్కడ పని చేస్తున్నారా అని కాబోలు. “యెస్ మేడమ్, మెనీ మెనీ” అన్నాను. ఆవిడ పక్క వరసలోని ఫోర్క్‌లిఫ్ట్ వైపు చాలాసేపు చూసి, ఏదో రాసుకుని, నా సంతకం తీసుకుంది. నేను గుండ్రంగా, అందంగా చేశాను.

మర్నాడు మధ్యాహ్నం నిజాం భాయ్ నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, అదే కష్టంగా ఉంది. “భాయ్, మైనే తుమ్హారా క్యా బిగాడా?” అన్నాడు. నీకు నేనేం అపకారం చేశాను అని. ఆయన సెలవు ఆపేశారట. విచారణ తేలేదాకా ఊరికి వెళ్లకూడదని ముదీర్ (మేనేజరు) చెప్పాడట. ఆయన సెలవంటే మామూలు సెలవు కాదు. సరిగ్గా సెలవు వచ్చే వేళకు విమానాలు ఆగిపోయాయి, అలా రెండున్నరేళ్లుగా ఇంటికి పోలేదు. ఈలోగా కూతురు పుట్టింది, నడక కూడా నేర్చింది, ఆయన ఫోనులో చూడటమే. నడిస్తే పీక్ పీక్ మనే చిన్న బూట్లు కొన్నాడు. ప్రయాణం వాయిదా పడేది, బిడ్డ కాలు పెరిగేది, ఇంకొంచెం పెద్ద జత కొనేవాడు. అలా అది మూడో జత. ప్రయాణం గురువారం. ఆ రోజు సోమవారం. ఆయన జేబులోంచి తీసి చూపించిన కాగితం నా రిపోర్టు నకలే. అందులో కారణం అన్నచోట చేతిరాతతో రెండు మాటలున్నాయి, ‘డిస్ట్రాక్టెడ్ బై’ అని. వాటి పక్కన ‘నిజాం’. ఆ పక్కన కాస్త ఖాళీ వదిలి ‘అబాద్’. ఆ కింద ‘తోటి ఉద్యోగి’ అని ఇంగ్లీషులో. మిగతావి అక్షరాలు కూడబలుక్కుని చదివాను కానీ ఆ మొదటి మాట ఏమిటో నాకు కొరుకుడు పడలేదు. డిస్ట్రిక్ట్ లాగే ఉంది, డిస్ట్రిక్ట్ కాదు.

గదికి వెళ్లి సర్పంచ్ మామకు చూపించాను. ఆయన దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, “గిదేంది తెల్వదా? డిస్ట్రక్షన్. నాశనం. నువ్వు సామాను నాశనం చేసినవ్, నిజాం చేయించిండు. గట్ల రాసిర్రు” అన్నాడు. ఫోనులో ఆ అక్షరాలు కొట్టి తెలుగు అడిగితే అది ‘పరధ్యానంలో ఉన్న’ అని చెప్పింది. మామ వెంటనే ఒప్పుకోలేదు. “ధ్యానమా? షర్బత్ పెట్టెలు లాగుకుంట ధ్యానం చేసినవా? నీ ఫోనుకు తెలుగు రాదురా, పారెయ్” అన్నాడు. పరధ్యానం అన్న మాట నేను బళ్లో విననిది కాదు. మా తెలుగు సారు రోజూ నన్నే చూపించి అనేవారు. కానీ దానికి ఇంగ్లీషులో కూడా ఒక మాట ఉంటుందని, అది కాగితాల మీద రాసేటంత పెద్ద నేరమని ఎప్పుడూ అనుకోలేదు. పైగా దాని వెనకాల ఆ ‘బై’ ఏమిటి? పరధ్యానం బై నిజాం భాయ్ అంటే ఏమర్థం?

అప్పుడు గోదారి అక్క గుర్తొచ్చింది. మా కంపెనీ బస్సు డ్రైవరు రాజోలు ఆయన. ఈ అక్క ఆయన భార్య, బర్ దుబాయ్‌లో ఒక ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి పిల్లవాడికి ఒకటో తరగతి. బళ్లన్నీ మూసేసి కంప్యూటర్లలో పాఠాలు చెప్పే కాలం కాబట్టి, తల్లిదండ్రులు ఆఫీసు పనిలో ఉంటే వాడి పక్కన రోజంతా కూర్చునేది అక్కే. ఆవిడకు ఇంగ్లీషు అలా చెవుల్లోంచి ఎక్కింది. డ్రైవరన్న ఫోను కలిపి ఇచ్చాడు. నేను ఆ మాటను అక్షరాలుగా చదివాను.

“అదా తమ్ముడూ. అది నాకు తెలీకపోవడమేంటి, రోజుకి యాభైసార్లు వింటాను” అంది అక్క తీరిగ్గా. “టీచరమ్మ పొద్దున్న మొదలెడితే మావోడి పేరూ ఆ మాటే. చూడు, డిస్టర్బ్ వేరు, ఇది వేరు. ఎవరన్నా వచ్చి గోల చేస్తే డిస్టర్బ్. ఎవరూ రాకపోయినా మనమే లేచెళ్లిపోతే డిస్ట్రాక్ట్. ఒళ్లు కుర్చీలోనే ఉంటది, మనిషుండడు. మా అమ్మ పరాకు అనేది కదా, అదే. పరాగ్గా ఉండకే, పాలు పొంగిపోతున్నాయి అనేది.”

“మరి బై ఏందక్కా?”

“అసలు సంగతంతా ఆ బై లోనే ఉంది. బై తరవాత వచ్చేదే దొంగ. మనల్ని ఏది లాక్కెళ్లిందో దాని పేరు రాస్తారక్కడ. మొన్న టీచరమ్మ మావోణ్ని డిస్ట్రాక్టెడ్ బై బల్లి అంది. గోడ మీద బల్లిని చూస్తా కూర్చున్నాడులే. ఏం చేస్తాం, బల్లిని తోలేశాం. ఇంతకీ నీ కాయితంలో బల్లి ఎవరు?”

“నిజాం భాయ్” అన్నాను.

“అయితే ఆయన్ని తోలేస్తారు” అంది అక్క.

ఆ రాత్రి గదిలో పంచాయితీ జరిగింది. సర్పంచ్ మామ తీర్పు సూటిగా ఉంది. “నోరు మూసుకో. నిజాంకు ఏం కాదు, పాత మనిషి, ఒక వారం లేటుగ పోతడు, గంతే. నువ్వు పోయి మాస్కు తీసి బస్తాల ముక్కు పెట్టిన అని చెప్తే, నీది ఆరు నెలలు గూడ నిండలే, ఎల్లుండి విమానంల ఉంటవ్.” మామ చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజుల్లో మాస్కు దించడమంటే గోదాములో చొక్కా విప్పి తిరగడం కన్నా పెద్ద తప్పు. అందులోనూ తినే సరుకు మీద ముక్కు పెట్టడం. నాకు మామ మాట నచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా నచ్చింది. హాయిగా పడుకున్నాను కూడా. పొద్దున్న బస్సులో నిజాం భాయ్ నాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ, ఒళ్లోని సంచిలో చెయ్యి పెట్టి, తనకు తెలియకుండానే దేన్నో నొక్కుతున్నాడు. పీక్. కాసేపాగి మళ్లీ పీక్. బస్సంతా నిశ్శబ్దం, ఆ చప్పుడొక్కటే. గోదాము వచ్చేదాకా ఆ చప్పుడు ఆగలేదు. అది విన్నాక మామ తీర్పును తీర్పులాగా ఉంచుకోవడం నా వల్ల కాలేదు.

బస్సు దిగి మళ్లీ అక్కకు ఫోన్ చేశాను. రెండు వాక్యాలు తయారు చేసి ఇచ్చింది. చేయించిన సాధన అంతా ఇంతా కాదు. “తమ్ముడూ, జిల్లాకి నోరు సగమే తెరువు. పరాక్కి పూర్తిగా తెరువు. నీకు రెండూ ఒకేలాగ వత్తన్నాయి” అంటూ పదిసార్లు చెప్పించింది. లారీల వెనక నిలబడి నేను ఆవులిస్తున్నట్టు నోరు తెరిచి సాధన చేస్తుంటే కాపలావాడు నాకు పంటి నొప్పి అనుకుని లవంగం ఇచ్చాడు.

మేడమ్ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. నేర్చుకున్నది ఒక్క ఊపులో అప్పజెప్పాను: “మేడమ్, ఐ వాజ్ డిస్ట్రాక్టెడ్ బై నిజామాబాద్. నిజామాబాద్ ఈజ్ మై డిస్ట్రిక్ట్.” ఆవిడ నన్ను చూసింది, కాగితాన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. “నిజాం మనిషి కాదా?” అంది ఇంగ్లీషులో, మెల్లగా. కాదన్నాను. ఇక నా ఇంగ్లీషు అయిపోయింది. చెయ్యి ఊపి రమ్మన్నాను. ఆవిడ నా వెనకే వచ్చింది. పసుపు బస్తాల దగ్గరికి తీసుకెళ్లి, ఆ చిరిగిన బస్తా మీద నల్ల రంగుతో అచ్చు వేసిన అక్షరాలు చూపించాను. మా జిల్లా పేరే, పెద్దగా, ఒకే మాటగా ఉంది. తరువాత నా ముక్కు చూపించాను, జ్వరం అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించాను, రెండు నెలలని రెండు వేళ్లు చూపించాను. ఆఖరికి, ఇక దాచేదేముందని, మాస్కు దించి ఆ రోజు చేసింది చేసినట్టుగా చేసి చూపించాను. ముక్కు బస్తాలో, కళ్లు మూసుకుని.

కళ్లు తెరిచేసరికి మేడమ్ ప్లాస్టిక్ తెర పైకెత్తి ఉంది. మాస్కు వేలితో ఇంత దూరం పట్టుకుని ఆవిడ కూడా వంగి వాసన చూస్తోంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆవిడ మూతి చూశాను. “లుయాంగ్ దిలావ్” అంది, తనలో తాను. వాళ్ల భాషలో పసుపు అట. దగ్గొస్తే వాళ్లమ్మ కాచి తాగించేదట. అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి ఫోర్క్‌లిఫ్ట్ హారన్ కొట్టింది, ఆవిడ వినలేదు. రెండోసారి కొట్టాక ఉలిక్కిపడి పక్కకు జరిగి, తెర దించుకుని, నన్ను కోపంగా చూసింది. నేను నేల చూపులు చూశాను. అక్క చెప్పిన మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ నాకు మళ్లీ దొరకలేదు.

ఆ కాగితం అక్కడే బస్తా మీద పెట్టి దిద్దడానికి కలం తీసింది. వాక్యమంతా కొట్టేస్తుందనుకున్నాను. కలం దాని మీద ఆడిస్తూ చాలాసేపు ఆలోచించింది. ‘తోటి ఉద్యోగి’ అన్నది కొట్టేసింది. పైన ఉన్న దాంట్లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. ‘నిజాం’కూ ‘అబాద్’కూ మధ్య ఉన్న ఖాళీని మాత్రం చిన్న గీతతో కలిపేసింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె అడిగింది పరాగ్గా ఉన్నావా అని, నేను విన్నది ఏ జిల్లా అని, అయినా నేను చెప్పిన జవాబు సరిగ్గా ఆమె అడిగిన ప్రశ్నకే.

నిజాం భాయ్ గురువారం విమానం ఎక్కాడు. వెళ్లే ముందు, “తుమ్హారా జిల్లా హమ్‌కో మార్ డాల్తా థా” అని (మీ జిల్లా నన్ను చంపేసేదే) వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బతో నాకు ‘జిల్లా’ అనే పేరు కూడా ఖాయమైంది. ఇప్పటికీ ఆ గోదాములో నా అసలు పేరు చాలామందికి తెలియదు. నాకు మాస్కు దించినందుకు ఒక హెచ్చరిక కాగితం, పరీక్షా కాలానికి ఇంకో మూడు నెలలు కలిపారు. విమానం మాత్రం ఎక్కించలేదు. పది రోజులకు ఒక చిన్న వీడియో వచ్చింది. సిమెంటు అరుగు మీద పీక్ పీక్ మంటూ ఒక బొద్దు పిల్ల నడుస్తోంది. బూట్లు కాస్త బిగుతుగానే ఉన్నట్టున్నాయి.

తరువాత ఒకసారి ధైర్యం చేసి మేడమ్‌ను అడిగాను, ఆ మాట నడుమ మా ఊరి ట్రాక్టరు ఉన్నట్టుంది, ఏమైనా చుట్టరికమా అని. ఆవిడ నవ్వి ఫోనులో వెతికింది. నిజమేనట, రెంటికీ మూలం ఒకటే, లాగడం. ట్రాక్టరు ముందుకు లాగితే ఇది పక్కకు లాగుతుందట. ఇప్పుడు ఆ రిపోర్టులు రాసేది నేనే. అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. ‘డిస్ట్రాక్టెడ్ బై’ దగ్గర నొక్కితే ఒక జాబితా దిగుతుంది: ఫోను, మాటలు, అలసట, ఇతరములు. బల్లులూ జిల్లాలూ అన్నీ ఆ ఇతరములలోనే సర్దుకోవాలి. అది నొక్కే ముందు మాత్రం ఎదుటి మనిషిని అడుగుతాను, నిన్ను ఏది లాక్కెళ్లింది భాయ్ అని. జవాబు తొందరగా రాదు, ఆగుతాను. ఇక పసుపు లారీ వచ్చిన రోజున పని మానుకుని నేనే లోపలికి వెళ్తాను. ఇప్పుడు మూతికి అడ్డం ఏమీ లేదు, నన్ను ఆపేవాళ్లూ లేరు. అయినా ముందు వంగి ట్రాలీ బరువు నేలకు దిగి ఉందో లేదో చూసుకుంటాను. ఆ తరువాతే బస్తాలో ముక్కు పెడతాను.